కాన్పుల పిదప పొట్ట బిగింపు శస్త్రము: ఎవరికి ఏది తగును?



నేను ముప్పదేండ్లకు పైగా పల్లెటూరి పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఛందస్సును గూర్చియో సమాసములను గూర్చియో మాటాడుమన్నచో నాకు సులువు. నేటి విషయము అట్టిది కాదు. బిడ్డలను కన్న స్త్రీల పొట్ట జారిపోయినప్పుడు దానిని శస్త్రముచే బిగించు పద్ధతులు కొన్ని గలవు. వానిలో ఎవరికి ఏది తగునో, ఎవరికి ఏదియు తగదో చెప్పబూనితిని. "ఈ ముసలి పంతులుకు ఈ గొడవ యేల?" అని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కొన్ని యేండ్ల క్రిందట నేనును ఇట్లే నవ్వితిని. ఆ నవ్వునకు నా యింటనే సమాధానము చెప్పుకొనవలసి వచ్చినది.

నా పెద్దకుమార్తె అనుమతి గైకొనియే యీ మాటలు చెప్పుచున్నాను. ఆమెకు ఇద్దఱు బిడ్డలు. రెండును ఆపరేషను కాన్పులే. రెండవవాడు పుట్టి మూడేండ్లు గడచినను ఆమె పొట్ట అయిదవ నెల గర్భమువలె ముందునకు వచ్చి యుండెడిది. తెల్లవారి తిన్నగా లేవలేక ప్రక్కకు ఒరిగి, మోచేయి ఆనించి లేచెడిది. వంటయింట అరగంట నిలుచున్నచో నడుము పట్టివేసెడిది. ఒక పెండ్లిలో దూరపు చుట్టము ఒకామె, మంచి మనసుతోనే, "ఎన్నో నెలమ్మా?" అని అడిగినది. పిల్ల యింటికి వచ్చి పట్టుచీర మడత పెట్టుచు నాతో అన్నది: "నాన్నగారూ, నేను అందం కోసం ఏడవటం లేదు. లేచి కూర్చోలేకపోతున్నాను. ఎవరికి చెప్పినా పిల్లల తల్లివి కదా అంటున్నారు." ఆ "ఎవరికి చెప్పినా" అను మాటలో నేనును గలను. తల్లులందఱికి ఉండునదేనని రెండు మూడు మారులు నేనే చెప్పి యుంటిని.

కావున మొదట పొట్టయొక్క కట్టడము తెలిసికొందము. మన యింటి నులకమంచమును తలచుకొనుడు. పైన దుప్పటి, దాని క్రింద బొంత, బొంత క్రింద నులక. మన పొట్టపై చర్మము దుప్పటి వంటిది. దాని క్రింది క్రొవ్వు బొంత వంటిది. ఆ క్రింద కండరములు నులక వంటివి. ఱొమ్ముటెముక దాపునుండి పొత్తికడుపు అడుగు ఎముక దాక రెండు కండరపు పట్టీలు ప్రక్కప్రక్కన నిలువుగా దిగును. ఆ రెంటిని నడుమ ఒక తెల్లని నారవంటి పొర కలిపి యుంచును. చీర రెండు పట్టులను కలిపిన కుట్టు ఎట్లో, ఇదియు అట్లే. గర్భము పెరిగిన కొలది ఆ కుట్టు సాగి వెడల్పగును, కండరపు పట్టీలు రెండును ఎడమగును. కాన్పు తరువాత కొన్ని వారములకో కొన్ని నెలలకో పెక్కుమందికి అది తిరిగి దగ్గఱకు వచ్చును. కొందఱికి రాదు. కవలలను మోసినవారికి, బిడ్డ పెద్దదైనవారికి, కాన్పులు పలుమారు అయినవారికి రాకపోవుట ఎక్కువ. దీనికి వైద్యులు పెట్టిన పేరు "డయాస్టాసిస్ రెక్టై." మనము "కుట్టు విడుట" అనుకొందము.

ఇచట ఒక అపోహను తీర్చవలెను. "కడుపు కోసి బిడ్డను తీసినారు గనుక కండలు తెగి పొట్ట జారినది" అని మన యూళ్ళలో అనుకొనుట కలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులు ఆపరేషను కాన్పులు. దేశము మొత్తము మీద 21.5 మాత్రమే. ఇన్ని జరుగుచుండగా నింద అంతయు కత్తిమీదికి పోవుట సహజమే. కాని వాడుకలో నున్న పద్ధతియందు ఆ నిలువు కండరములను సాధారణముగా కోయరు. వానిని రెండు ప్రక్కలకు తొలగించి లోనికి పోవుదురు. కుట్టు విడుట గర్భము మోయుట వలన కలుగును. సహజముగా కన్నవారికిని ఇది కలుగుచున్నది. కోత మచ్చ దగ్గఱ చర్మము అతుకుకొని, దాని పైభాగము మడతవలె వ్రేలాడుట మాత్రము ఆపరేషను కాన్పు మిగిల్చినదే.

కుట్టు విడినదో లేదో ఇంటనే కొంత తెలియవచ్చును. వెల్లకిల పరుండి, మోకాళ్ళు ముడిచి, బొడ్డునకు కొంచెము పైన రెండు వ్రేళ్ళను అడ్డముగా నుంచి, తలయు భుజములును మాత్రమే మెల్లగా పైకెత్తవలెను. కండలు బిగిసినప్పుడు నడుమ ఎన్ని వ్రేళ్ళు దిగునో చూడవలెను. రెండు వ్రేళ్ళు, అనగా దాదాపు రెండు సెంటిమీటర్లు మించి యెడ మున్నచో కుట్టు విడినదని అనుమానింపవచ్చును. లేచునప్పుడు పొట్ట నడుమ గట్టువలె ఉబ్బుటయు దాని గుర్తే. నిశ్చయించుట వైద్యుల పని.

దీనితోపాటు హెర్నియా అను వేఱొక చిక్కు ఉండవచ్చును. కుట్టు విడుట యనగా కుట్టు సాగుట. హెర్నియా యనగా గుడ్డకు చిల్లి పడుట. బొడ్డు దగ్గఱ చిల్లి పడి, దాని గుండ లోని క్రొవ్వో ప్రేవో పైకి పొడుచుకొని వచ్చును. సాగిన కుట్టు ప్రాణాపాయము కాదు. చిల్లిలో ప్రేవు చిక్కుకొన్నచో ప్రాణాపాయమే. బొడ్డు దగ్గఱి గడ్డ లోనికి పోక గట్టిపడి, నొప్పి, వాంతులు వచ్చినచో ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొని పోవలెను. తెల్లవారనిమ్మనరాదు.

ఇక శస్త్రము మాట. ఇంగ్లీషున దీనిని ముద్దుగా "టమ్మీ టక్" అందురు. చొక్కా దోపుకొన్నంత తేలిక యని తోపించు ఈ పేరు నాకు నచ్చదు. వైద్యుల పేరు "అబ్డామినోప్లాస్టీ." ప్లాస్టిక్ సర్జరీ యనగా ప్లాస్టిక్కు ముక్క లోపల పెట్టుదురని మా యూరిలో ఒక పెద్దాయన వాదించెను. గ్రీకు భాషలో మలచుట యను అర్థము గల మాటనుండి ఆ పేరు వచ్చినది, బక్కెట్టు ప్లాస్టిక్కుతో దానికి సంబంధము లేదు. చోద్య మేమనగా, హెర్నియా శస్త్రమున వేయు వల పెక్కుసారులు నిజముగానే ఒక విధమగు ప్లాస్టిక్కుదై యుండును, కాని దానిని ఎవ్వరును ప్లాస్టిక్ సర్జరీ యనరు. చర్మమును మలచు విద్య మనకు క్రొత్తది కాదు. ముక్కును, చెవితమ్మెను అతుకు విధము సుశ్రుతసంహితయందు గలదు. పొట్టమీది క్రొవ్వుమడతను తీసివేసిన శస్త్రమును అమెరికాలోని బాల్టిమోరున హోవర్డ్ కెల్లీ యను వైద్యుడు 1899లో ప్రకటించెను. బ్రెజిల్ దేశపు పిటాంగీ 1967లో ప్రకటించిన పద్ధతి దీనికి చాల ప్రచారము తెచ్చినది.

ఇప్పుడు మంచము దగ్గఱకు మరల వత్తము. మంచము గుంటపడినదని దుప్పటి మార్చినచో గుంట పోవునా? బొంతలో దూది తీసినచో పోవునా? నులక బిగింపవలెను. నులక బాగుగనే యుండి బొంత మాత్రము ఎత్తుగా నున్నచో నులక విప్పుట వ్యర్థము. పొట్ట శస్త్రములయందు ఎన్నిక యంతయు ఈ ప్రశ్న మీదనే ఆధారపడి యున్నది: చెడినది దుప్పటియా, బొంతయా, నులకయా, ఎంతవఱకు చెడినది, బొడ్డునకు పైననా క్రిందనా? మచ్చ చిన్నదా పెద్దదా, ఖర్చు తక్కువా యెక్కువా అను ప్రశ్నలు దీని తరువాతివి. మా యింట మొదట తలక్రిందుగా అడిగితిమి.

బొంత మాత్రమే చెడినవారు, అనగా చర్మము బిగువుగా నుండి, కండల కుట్టు కలిసియే యుండి, అచ్చటచ్చట మాత్రము క్రొవ్వు మొండిగా నిలిచినవారు, లైపోసక్షన్ అనుదానికి తగుదురు. చిన్న రంధ్రములగుండ సన్నని గొట్టమును పంపి క్రొవ్వును పీల్చివేయుదురు. ఇల్లూజ్ యను ఫ్రెంచి వైద్యుడు 1970ల చివర దీనిని వ్యాపింపజేసెను. జారిన చర్మమును ఇది బిగింపజాలదు. చర్మము సాగియున్నవారికి లోని క్రొవ్వు మాత్రమే తీసినచో గాలి తీసిన సంచివలె మఱింత ముడుతలు పడవచ్చును. పీల్చునది చర్మము క్రింది క్రొవ్వు మాత్రమే, కడుపులోపల ప్రేవులచుట్టు చేరిన క్రొవ్వునకు ఇది అందదు. ఆ క్రొవ్వు వలన ఉబ్బిన పొట్టకు ఏ బిగింపు శస్త్రమును మందు కాదు. దానికి తిండియు నడకయు ముఖ్యమైన దారులు.

బొడ్డునకు క్రిందిభాగమున మాత్రమే కొంచెము చర్మము జారినవారికి "మినీ" యను చిన్న శస్త్రము గలదు. ఆపరేషను కాన్పు మచ్చకంటె కొంచెము పొడవైన కోత. బొడ్డును చుట్టు కోయరు. క్రింది చర్మము కొంత తీసి, క్రింది కుట్టు విడినచో దానిని బిగింతురు. మచ్చ చిన్నది, కోలుకొనుట త్వరితము. కాని ఇది మంచమునకు కాళ్ళవైపు మాత్రమే దుప్పటి లాగి దోపినట్టిది. తలవైపు నులక జారియున్నచో దీనికి అందదు.

పూర్తి శస్త్రమున కోత ఒక తుంటినుండి రెండవ తుంటి దాక, లోదుస్తుల క్రింద దాగునంత దిగువన నుండును. చర్మమును క్రొవ్వుతో సహా ప్రక్కటెముకల దాపు వఱకు లేపుదురు. బొడ్డును మాత్రము దాని కాడమీదనే చోటనే యుంచుదురు. విడిన కండరములను పైనుండి క్రింది దాక కరగని దారముతోనో చాల కాలము నిలుచు దారముతోనో దగ్గఱకు చేర్చి కుట్టుదురు. పిదప చర్మమును క్రిందికి లాగి, మిగులును కోసివేసి, బొడ్డునకు క్రొత్త రంధ్రము చేసి అందులో కుట్టుదురు. బొడ్డు స్థలము మారదు, దానిచుట్టు చర్మము మాత్రమే మారును. ఆపరేషను కాన్పు పాతమచ్చ తీసివేసిన చర్మముతోనే పోవును. అయితే దానికంటె చాల పొడవైన మచ్చ దాని స్థానమున వచ్చును. ఇది వ్యాపారమే, ఉచితము కాదు. గర్భమునాటి చారలకు చరకుడు "కిక్కిసము" అని పేరు పెట్టెను. బొడ్డునకు క్రింద నున్నవి చాలవఱకు కోసివేసిన చర్మముతో పోవును. పైన నున్నవి క్రిందికి దిగును గాని పోవు. చారలన్నియు మాయమగునని యెవరైన చెప్పినచో నమ్మవలదు. నేడు కొందఱు వైద్యులు ఈ పూర్తి శస్త్రముతోనే ప్రక్కల క్రొవ్వును గూడ పీల్చివేయుదురు.

ఇంతకంటె పెద్దవియు గలవు. చాల బరువు తగ్గి, చర్మము నడుముచుట్టును జారినవారికి కోత ప్రక్కలకు, ఒక్కొక్కప్పుడు వీపు దాక పోవును. చర్మము అడ్డముగా గూడ మిగిలినవారికి దిగువ కోతతోపాటు నడుమ నిలువు కోతయు పెట్టుదురు. పూర్వపు కాన్పువలననో వేఱు శస్త్రమువలననో ముందే నడుమ నిలువు మచ్చ యున్నవారికి ఇది తగవచ్చును. సాధారణముగా ఇద్దఱు ముగ్గురు బిడ్డల తల్లికి ఇవి అక్కఱ లేదు.

మఱియొకటి చెప్పక విడువరాదు. అడుగు మడత ఆప్రానువలె తొడలమీదికి వ్రేలాడి, దాని సందున చెమటపట్టి, పుండ్లు పడి, ఎంత కడిగినను మానని స్త్రీలు గలరు. సిగ్గుచే ఎవ్వరికిని చెప్పరు. వారికి ఆ మడతను మాత్రము తీసివేయు శస్త్రము గలదు. "పానిక్యులెక్టమీ" యందురు. ఇందు కండలు బిగింపరు, నడుము సన్నబడదు. పుండ్ల బాధ పోవును. దీనిని విలాస మనుట పాపము.

నా కుమార్తె కథకు వత్తును. ఆమె మొదట పెద్ద ప్రకటనలు వేయించు ఒక చోటికి పోయినది. అచట ఆమెను పరుండబెట్టి తల యెత్తించి చూచినవారు లేరు. నిలువబెట్టి చూచి, "మినీ చాలును, చిన్న మచ్చ, వారములో పనికి పోవచ్చును, ఈ నెలలోనైతే రాయితీ" అనిరి. మాకును నచ్చినది. చిన్న మచ్చ, తక్కువ ఖర్చు. నేను డబ్బు గూడ సిద్ధము చేసితిని. అల్లుడు మాత్రము ఇంకొకరికి చూపుదమనెను. ఆ మాట నాకు తోచలేదని ఒప్పుకొందును.

రెండవచోట శస్త్రవైద్యురాలు ఆమెను పరుండబెట్టి తల యెత్తించినది. బొడ్డునకు పైన మూడు వ్రేళ్ళ యెడము. బొడ్డు దగ్గఱ చిన్న హెర్నియా. అల్ట్రాసౌండు పరీక్ష రెంటిని స్థిరపఱచినది. ఆమె మాతో అన్న మాట: "మినీ చేస్తే క్రింద బిగుస్తుంది, పైన వదులుగానే ఉంటుంది. అప్పుడు పై పొట్ట ఇంకా ఎత్తుగా కనబడుతుంది." అయినను వెంటనే కత్తి పట్టలేదు. ముందు ఫిజియోథెరపీ చేయించవలె ననెను. ఊపిరిని అనుసరించి పొట్ట లోపలి కండలను బిగించు వ్యాయామములు. గుంజీలవలె లేచి కూర్చుండు సాధనలు మొదట వలదనెను. నాలుగు నెలలు మా పిల్ల చేసినది. నడుమునొప్పి సగమునకు పైగా తగ్గినది. యెడము కొంచెమే తగ్గినది. హెర్నియా అట్లే యున్నది, వ్యాయామమునకు చిల్లి మూసికొనదు గదా.

ఇచట పెద్దలు అడుగు ప్రశ్న యొకటి గలదు: బాలింతకు నడుము చుట్టు గుడ్డ బిగించి కట్టు మన ఆచారము చాలదా? ఆ ఆచారము ప్రాచీనము. ప్రసవించిన స్త్రీ కడుపునకు శుభ్రమైన పెద్దవస్త్రము చుట్టవలెనని చరకసంహితయే చెప్పుచున్నది. ఆ కట్టు నడుమునకు ఆసరా యిచ్చును, లేచి తిరుగుటకు ధైర్య మిచ్చును. మఱీ బిగించరాదు. విడిన కుట్టును ఆ గుడ్డ యొక్కటే కలుపజాలదు, అంగళ్ళలోని బెల్టులును అంతే.

తుదకు మా ముందు మూడు దారులు నిలిచినవి. హెర్నియాను మాత్రము బాగుచేయించుట ఒకటి. దూరదర్శినివంటి గొట్టముతో చిన్న రంధ్రములగుండ హెర్నియాను, విడిన కుట్టును బాగుచేయుట రెండవది. చర్మము జారనివారికి ఇది మేలైన దారి, పొడవైన మచ్చ తప్పును. మూడవది పూర్తి శస్త్రము. మా పిల్లకు చర్మమును చాల జారి యుండెను. లోపల బిగించి చర్మమును వదలినచో ముడుత లెక్కువగునని వైద్యురాలు చెప్పెను. ఆమె మూడవదానిని ఎన్నుకొనినది. హెర్నియాను బొడ్డు బిగింపును ఒకేసారి చేయునప్పుడు బొడ్డునకు రక్తము చాలక అది చెడు ప్రమాదము గలదని వైద్యురాలు ముందే చెప్పి వ్రాయించుకొనెను. అట్లు చెప్పువారినే నమ్మవలెనని నా అనుభవము.

ధనము మాట క్లుప్తముగా చెప్పెదను. అందమునకై చేయు శస్త్రమునకు మన దేశపు ఆరోగ్య భీమా పాలసీలు సాధారణముగా సొమ్ము చెల్లింపవు. వైద్యరీత్యా అవసరమని నిర్ధారణ యైనచో దారి వేఱు. హెర్నియా ఖర్చు వేఱుగా లెక్కకు రావచ్చును, బిల్లు వ్రాయకముందే అడిగి తెలిసికొనవలెను. దీని కొఱకు పొలము తాకట్టు పెట్టుట నేను ఒప్పుకొనను. వైద్యుని పేరు ప్రక్కన ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గాని డి.ఎన్.బి. గాని యున్నదా, రాష్ట్ర వైద్యమండలియందు పేరు నమోదైనదా, ఆసుపత్రిలో మత్తువైద్యుడు, అత్యవసర చికిత్సకు వసతి యున్నవా యని చూచుట పొలపు దస్తావేజు చూచినంత ముఖ్యము.

ఎవరు ఆగవలెను? కాన్పై ఆఱు నెలలైనను కానివారు ఆగవలెను, ఏడాది ఆగిన మేలు. బిడ్డకు పాలిచ్చువారు పాలు మాన్పించి మఱికొన్ని నెలలు ఆగవలెను. ఇంకొక బిడ్డను కోరువారు ఆగవలెను. ఈ శస్త్రము తరువాత గర్భము ధరింపరాదని కాదు, ధరించినచో బిగించిన కుట్టు మరల సాగవచ్చును. మన ప్రాంతమున రెండవ కాన్పుతోనే పిల్లలు పుట్టని ఆపరేషను చేయించుకొనువారు పెక్కుమంది గనుక ఈ ప్రశ్న వారికి తేలియే యుండును. "కాన్పు ఆపరేషను చేయునప్పుడే ఇదియు చేసివేయరాదా, ఒకే కోత గదా?" అని నా వియ్యపురాలు అడిగెను. చేయరాదు. గర్భాశయము అప్పుడు పెద్దదిగా నుండును, చర్మము నీరు పట్టి యుండును, నెత్తురు గడ్డకట్టు స్వభావము బాలింతయందు ఎక్కువ, ఎంత చర్మము మిగులో అంచనా కుదురదు.

బరువు ఇంకను తగ్గవలసినవారు ముందు తగ్గి, కొన్ని నెలలు ఆ బరువున నిలువవలెను. మధుమేహము అదుపులో లేనివారికి పుండు మానదు. రక్తహీనత మన స్త్రీలయందు మిక్కుటము. ఇందాక చెప్పిన సర్వేలోనే పదునైదు మొదలు నలుబది తొమ్మిదేండ్ల స్త్రీలలో తెలంగాణమున నూటికి 57.6, ఆంధ్రప్రదేశమున 58.8 మంది రక్తహీనులని తేలినది. హీమోగ్లోబిను సరిచేసికొనక బల్ల యెక్కరాదు. పొగాకు మఱియొక శత్రువు. పొగాకులోని నికోటిను సన్నని రక్తనాళములను ముడుచును, లాగి కుట్టిన చర్మపు అంచు నల్లబడి చచ్చును. ఉత్తరాంధ్ర తీరమున అడ్డచుట్ట కాల్చు తల్లులు ఇప్పటికిని గలరు. నమలు పొగాకు సంగతియు ఇంతే. నాలుగు వారములు ముందునుండి, తరువాతను కొన్ని వారములు, పూర్తిగా మానవలెను. కుడి ప్రక్కటెముకల క్రింద పిత్తాశయపు పాత ఆపరేషను మచ్చ యున్నవారు దానిని చూపవలెను, పై చర్మమునకు రక్తము వచ్చు దారి అచట తెగియుండవచ్చును. గర్భనిరోధక మాత్రలు మ్రింగువారు ఆ సంగతి దాచరాదు.

అపాయములను దాచి చెప్పుట నాకు చేతకాదు. చర్మము క్రింద నీరు చేరుట తఱచు కలుగునది, అందుకే కొన్ని దినములు గొట్టములుంచుదురు. చీము, నెత్తురు చేరుట, అంచు మానకుండుట, మచ్చ లావెక్కుట గలవు. బొడ్డు క్రింద నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఎల్లకాలము, స్పర్శ తగ్గును. అన్నింటికంటె భయంకరమైనది కాలి నాళములలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవుట. ఒక పిక్క వాచి నొప్పిచేసినను, ఉన్నట్టుండి ఆయాసము వచ్చినను, ఱొమ్మున పొడిచినట్లున్నను గడియ ఆలస్యము చేయరాదు. ఈ కారణముచేతనే శస్త్రమైన దినమునో మఱునాడో లేపి నడిపింతురు. "పచ్చిపుండు, కదలనీయకుడు" అని మనము అడ్డుపడరాదు.

మా యింట మేము నేర్చిన దంతయు ఆ ఆఱు వారములలోనే. పిల్ల మొదటి పది దినములు వంగియే నడచినది, కుట్టు లాగునని. మోకాళ్ళ క్రింద దిండ్లు పెట్టి పరుండినది. ఆఱు వారములు బరువు ఎత్తరాదు. బరువనగా నీళ్ళబిందె, గ్యాసుబండ మాత్రమే కాదు, చంకబిడ్డయు బరువే. నాలుగేండ్ల మనుమడు "అమ్మా ఎత్తుకో" అని ఏడ్చుట, ఆమె చేతులు చాచి వెనుకకు తీసికొనుట చూడలేకపోయితిమి. వాని నెత్తుకొని వీధిలో త్రిప్పుట నా పని యైనది. నా భార్య వంట చేసినది, అల్లుడు గొట్టములలోని నీటిని కొలిచి కాగితముపై వ్రాసెను. వియ్యపురాలు మొదట వారము పలుకలేదు, రెండవ వారము పెసరకట్టుతో వచ్చి కూతురి తల దువ్వినట్లే కోడలి తల దువ్వినది. ఈ ఆఱు వారములు ఇచ్చుటకు ఇంట మనుషులు లేనిచో శస్త్రము ఎంత మంచిదైనను ఆ యేడు మానుకొనుటయే మేలు. వరినాట్లకో పత్తి తీయుటకో నెలలోపల పోవలసిన కూలితల్లికి ఇది మఱియు నిజము.

ఏడాదిన్నర గడచినది. మచ్చ యెఱ్ఱదనము తగ్గి లేతగోధుమ రంగునకు వచ్చినది. ఒక ప్రక్క కొంచెము లావుగా నున్నది. బొడ్డు క్రింద అరచేతి వెడల్పున ఇంకను తిమ్మిరియే. పై చారలు దిగి నిలిచినవి. ఆమె తిన్నగా లేచుచున్నది. నడుమునొప్పి వ్యాయామము మానిన వారమున మరల వచ్చును, అది శస్త్రము తీర్చినది కాదు.

నా మేనకోడలు దీనిని చూచి, "మామయ్యా, నాకూ చేయించండి" అని వచ్చినది. ఆమె బిడ్డకు ఎనిమిదవ నెల, పాలు మానలేదు, ఇంకొక బిడ్డను కోరుచున్నారు. ఈసారి నేను నవ్వలేదు. ముందు ఆ వ్యాయామములు నేర్పు ఆమె దగ్గఱకు తీసికొని పోయితిని. రెండు వ్రేళ్ళకు మించి లేదని చూచి చెప్పినది. వారమునకు రెండు దినములు పోవుచున్నది. శస్త్రము మాట రెండవ కాన్పు పిదప చూతమనుకొన్నారు.